దేవగిరి కోట ఎక్కేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శీతాకాలం ప్రయాణాల కాలం. ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) పక్కనున్న దేవగిరి, అంటే దౌలతాబాద్ కోట గురించి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఉండటంతో ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి కుటుంబంతో వెళ్తున్నాం. ఎల్లోరా, దౌలతాబాద్ ఒకే రోజులో చూడొచ్చా? ఏ వరుసలో వెళ్లాలి? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: చూడొచ్చు. కానీ కోట పొద్దున, ఎల్లోరా మధ్యాహ్నం అన్న వరుస మాత్రం మార్చకండి. కోట ఎక్కడమంటే సుమారు 200 మీటర్ల ఎత్తున్న నల్లరాతి గుట్ట ఎక్కడం. ఆ రాయి ఎండను పట్టి ఉంచుకుంటుంది. పదకొండు దాటితే గుట్ట పైభాగంలో నీడ దొరికే చోట్లు చాలా తక్కువ. ఎల్లోరాలో ఎక్కువసేపు గుహల లోపలే ఉంటాం గనక మధ్యాహ్నం అక్కడ ఇబ్బంది ఉండదు.

రైలులో వెళ్తే సికింద్రాబాద్ వైపు నుంచి మన్మాడ్ వెళ్లే అజంతా ఎక్స్‌ప్రెస్, ముంబయి వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. అజంతాలో వెళ్తే తెల్లవారకముందే దిగుతారు, ఆ రోజు మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఊరి పేరు మారింది కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు స్టేషన్‌ను పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకండి. ఊరి నుంచి కోట 15 కిలోమీటర్లు, అదే రోడ్డు మీద ఎల్లోరా 30 కిలోమీటర్లు. సెంట్రల్ బస్‌స్టాండ్ నుంచి ఖుల్దాబాద్, ఎల్లోరా వైపు వెళ్లే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సులు కోట ముందే ఆగుతాయి. సొంత కారులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఈ రోడ్డు కోట బయటి గోడలోని పాత దర్వాజాలోంచే పోతుంది, ఎదురెదురుగా రెండు పెద్ద బండ్లు పట్టవు. సెలవురోజుల్లో అక్కడ బండ్లు నిలిచిపోతాయి. ఎనిమిదిలోపు దాటితే ఆ బెడద ఉండదు.

మంగళవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు ఎల్లోరా మూసి ఉంటుంది. కోటకు వారంలో సెలవు లేదు. భారతీయులకు టికెట్ 25 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. కోటకు నాలుగు గంటలు కేటాయించండి. కింద చూడాల్సినవాటికి గంటన్నర, కందకం దాటి పైకి వెళ్లడానికి గంట, పైన అరగంట, దిగడానికి ముప్పావు గంట పడుతుంది. ‘రెండు గంటల్లో అయిపోతుంది’ అని ఆటోవాళ్లు చెబితే నమ్మవద్దు. అలా వెళ్లినవాళ్లు చాంద్ మినార్ దగ్గర ఫొటో దిగి, కందకం దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. అసలు కోట మొదలయ్యేది అక్కడి నుంచే.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమెను తీసుకెళ్లడం మంచిదేనా? ఎక్కడిదాకా వెళ్లగలరు? (నిజామాబాద్ పాఠకురాలు)

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. ఎక్కడ ఆగాలో మాత్రం ముందే అనుకుని వెళ్లండి.

దర్వాజాల నుంచి చాంద్ మినార్, హాథీ హౌద్ అనే పెద్ద నీటి తొట్టి, భారతమాత గుడి వరకు దాదాపు చదునే. రాళ్లు పరిచిన బాట ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి చెప్పులకన్నా మడమ పట్టి ఉంచే బూట్లు నయం. భారతమాత గుడి ఉన్న కట్టడం మొదట 1318లో ఖిల్జీల కాలంలో కట్టిన జామా మసీదు. దాని స్తంభాల వరుసల్లో నీడ, కూర్చునే చోటు ఉన్నాయి. ఆ తరువాత మెల్లగా ఎత్తు పెరుగుతూ కాలాకోట్ అనే లోపలి గోడ దాటి చీనీ మహల్ అనే పాత భవనం, మేంఢా తోపు అనే పెద్ద ఫిరంగి వస్తాయి. ఇక్కడిదాకా చేతికర్ర సాయంతో నిదానంగా రాగలరు. మేంఢా తోపు ఉన్న బురుజు మీద నుంచి కందకం, నిలువునా చెక్కిన కొండ చుట్టు, పైనున్న బారాదరి అనే మంటపం అన్నీ కనిపిస్తాయి. మీ అమ్మగారు ఆగాల్సింది అక్కడే. కోట యుద్ధతంత్రం అర్థం కావడానికి అంతకన్నా మంచి చోటు పైన కూడా లేదు.

కందకం దాటాక ఉన్నవన్నీ మెట్లే. మొత్తం సుమారు 750 అంటారు. అంధేరీ అనే చీకటి సొరంగంలో మెట్లు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడంకన్నా దిగడం కష్టం, ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. పైకి బాగానే వెళ్లినవాళ్లు దిగేటప్పుడు సగంలో కూలబడటానికి కారణం ఇదే. ‘ఇంకాస్త పైకి వెళ్దాం’ అన్న మాట కందకం దగ్గర అనవద్దు.

ప్రశ్న: అంధేరీ గురించి రకరకాలుగా విన్నాను. అసలు అది ఎలా పనిచేసేది? అందులో ఎంత నిజం, ఎంత గైడ్లు అల్లిన కథ? (గుంటూరు పాఠకుడు)

జవాబు: అంధేరీ ఒక్కదాన్నే చూస్తే అర్థం కాదు. కొండ, కందకం, వంతెన, అంధేరీ కలిసి ఒకే తాళం. వరుసగా చెబుతాం.

గుట్ట సహజంగానే శంకువు ఆకారంలో ఉంది. దాని కింది భాగాన్ని చుట్టూ నిలువుగా చెక్కేశారు, కొన్నిచోట్ల 50 మీటర్ల పైన. గోడ కట్టడానికి బదులు కొండనే గోడ చేశారన్నమాట. కట్టిన గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పెట్టి కూల్చవచ్చు. కొండను కూల్చలేరు. నిచ్చెన వేద్దామంటే ఆ ఎత్తుకు ఏ నిచ్చెనా అందదు. చెక్కిన రాయి నున్నగా ఉండటంతో వేలు దూర్చే పగులు కూడా దొరకదు. ఆ నిలువు రాతి అడుగున రాతిలోనే తొలిచిన కందకం. కందకానికి ఒకటే దాటు ఉండేది, సన్నని రాతి వంతెన. దాని నడిమి భాగం రెండు చివరలకన్నా చాలా పల్లంలో ఉంటుంది. కందకంలో నీటి మట్టాన్ని అడ్డుకట్టలతో పెంచితే ఆ నడిమి భాగం మునిగిపోతుంది. వంతెన ఎక్కడుందో తెలియకుండా నీళ్లలో దిగితే పైనుంచి బాణాలు, రాళ్లు. మనం ఇప్పుడు నడిచేది పక్కన తరువాత వేసిన ఇనప వంతెన. దాని మీద ఆగి కిందికి చూడండి, పాత వంతెన పల్లం స్పష్టంగా కనిపిస్తుంది. కందకంలో మొసళ్లుండేవన్నది గైడ్లు చెప్పే మాట. మొసలి లేకపోయినా ఆ ఏర్పాటు పనిచేస్తుంది, దాని బలం నీటిమట్టంలో ఉంది.

వంతెన దాటి లోపలికి వచ్చాక అంధేరీ. ఇది కొండలో తొలిచిన వంకర సొరంగం. ఆ రాతి తొలుపులో కొంత భాగం కోటకన్నా పాత గుహలదని అక్కడక్కడా మిగిలిన స్తంభాలను బట్టి తెలుస్తుంది. మలుపులు ఒక పద్ధతిలో ఉండవు. మెట్ల ఎత్తు మారుతూ ఉంటుంది. చీకట్లో కాలు ఒక అంచనాతో మెట్టు వెతుకుతుంది. ఆ అంచనా ప్రతిసారీ తప్పేలా కట్టారు. కాగడా తెస్తే తెచ్చినవాడే గురి అవుతాడు. మలుపుల పక్కన రాతిలో కాపలావాళ్లు నిలబడే గూళ్లున్నాయి. అక్కడున్నవాడి కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి, బయటి ఎండలోంచి వచ్చినవాడివి ఉండవు. ఈ తేడా ఒక్కటే చాలు, పది మంది వంద మందిని ఆపడానికి.

ఒకచోట పక్కనుంచి వెలుతురు పడుతుంది. చీకట్లో తడుముకుంటూ వచ్చినవాడు అటే వెళ్తాడు. అది దారి కాదు, కందకం వైపు తెరుచుకున్న కంత. సొరంగం పై చివర పైకప్పులా మూసుకునే ఇనప మూత ఉండేది. దాని మీద నిప్పులు పోసి, గాలి పీల్చే కంత తెరిస్తే పొగంతా కిందికి, సొరంగంలోకి వెళ్తుంది. సొరంగంలో పొగ నిండితే యుద్ధం చేసే పని లేదు. ఈ మూతా గాలి కంతా ఉండే చోటు మీరే చూడొచ్చు, ఇది కట్టుకథ కాదు. ‘రెండు దారులు ఒకచోట కలిసి, ఒకే పక్షం సైనికులు ఒకరినొకరు నరుక్కునేవారు’ అని గైడ్లు చెప్పేదాన్ని మాత్రం కథగానే వినండి.

చూడటానికి మా సలహా: గైడ్‌ను కోట మొత్తానికి కాకపోయినా అంధేరీకైనా పెట్టుకోండి. వాళ్లు కాగడా వెలిగించి, ఒకచోట ఆర్పి, ఆ చీకటి ఎలాంటిదో చూపిస్తారు. బేరం కందకానికి ముందే చేసుకోండి. ఫోన్ టార్చ్ పనికొస్తుంది, కానీ ఒక చేయి ఖాళీగా ఉంచుకోవాలంటే తలకు కట్టుకునే లైటు మేలు. లోపల గబ్బిలాలు చాలా ఉంటాయి. వాటి రెట్టతో మెట్లు జారతాయి, ఘాటు వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, లేదా సొరంగాన్ని తప్పించే బయటి మెట్లదారిన వెళ్లాలి. మిగతావాళ్లు మాత్రం సొరంగంలోంచే వెళ్లండి. అది చూడకుండా పైకి వెళ్లినవాళ్లు దేవగిరి చూడనట్టే.

ప్రశ్న: ఇంత దుర్భేద్యమైన కోట అన్నిసార్లు చేతులెందుకు మారింది? (వరంగల్ పాఠకుడు, డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఈ కోటను చూసి వచ్చేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఇదే. మా జవాబు ఒక్క మాటలో: తిండిగింజలు. కొండను ఎవరూ బలంతో ఎక్కలేదు. లోపలివాళ్లే దిగివచ్చారు.

1296లో అల్లావుద్దీన్ ఖిల్జీ ఇంకా సుల్తాన్ కాదు, కడా ప్రాంతానికి అధికారి. మామ జలాలుద్దీన్‌కు చెప్పకుండా కొన్ని వేల గుర్రాలతో దేవగిరి మీదికి వచ్చాడు. యాదవ రాజు రామచంద్రదేవుడి పెద్ద సైన్యం అప్పుడు కొడుకు శంకరదేవుడితో బయట ఉంది. రాజు ఉన్న కొద్దిమందితో కోటలోకి వెళ్లి తలుపులు వేసుకున్నాడు. వెనక ఢిల్లీ నుంచి మహాసైన్యం వస్తోందని అల్లావుద్దీన్ పుకారు పుట్టించాడు. మూడు వందల ఏళ్ల తరువాత రాసిన చరిత్రకారుడు ఫరిష్తా ఇంకో సంగతి చెబుతాడు. కొంకణం నుంచి వచ్చిన వర్తకులు కోట దగ్గర వదిలేసి పారిపోయిన బస్తాలను ధాన్యమనుకుని హడావుడిగా లోపలికి చేర్చారు. తీరా విప్పితే ఉప్పు. ఆ బస్తాల కథ అక్షరాలా జరిగిందో లేదో గాని, కోటలో నిల్వలు లేవన్నది, అందుకే రాజు సంధికి దిగాడన్నది చరిత్ర. గోడ ఎంత ఎత్తున్నా గాదె ఖాళీగా ఉంటే అది కోట కాదు.

1347లో ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. దక్కన్ అమీర్లు తిరగబడి దౌలతాబాద్‌ను పట్టుకుంటే, ఒకప్పుడు ఢిల్లీ జనాన్ని ఇక్కడికి రప్పించి దీన్ని రాజధాని చేసిన ముహమ్మద్ బిన్ తుగ్లక్ స్వయంగా వచ్చి ముట్టడించాడు. పై కోట పడకముందే గుజరాత్‌లో తిరుగుబాటు వచ్చి అతను వెళ్లిపోవలసి వచ్చింది. ముట్టడి వేసినవాడికి సమయం లేకపోతే కోట గెలుస్తుంది. ఆ ఏడే ఇక్కడ బహమనీ రాజ్యం మొదలైంది.

సమయం ఉన్నవాడు ఏం చేస్తాడో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని స్థాపించిన అహ్మద్ నిజాం షా చూపించాడు. కోట మీద బలగాన్ని వృథా చేయకుండా ఏటా పంట చేతికొచ్చే వేళకు చుట్టుపక్కల పల్లెల మీదికి దండు పంపి పైరు పాడుచేయించాడు. కొన్నేళ్లు అలా చేశాక 1499లో కోట అతని చేతికొచ్చింది. కోటకు అసలు గోడ చుట్టూ ఉన్న పొలాలేనని అతనికి బాగా తెలుసు. ఆ పల్లెల రైతులు ఎవరి కోటకోసం ఎంత పోగొట్టుకున్నారన్నది మాత్రం ఏ శాసనమూ చెప్పదు.

ఇక 1633. మొఘల్ సేనాని మహాబత్ ఖాన్ ముట్టడి వేశాడు. లోపల ఒకప్పటి నిజాం షాహీ మంత్రి మాలిక్ అంబర్ కొడుకు ఫతే ఖాన్, బాల నిజాం షా ఉన్నారు. బీజాపూర్ సైన్యం, శహాజీ భోంస్లే బయటి నుంచి ధాన్యం చేర్చడానికి ప్రయత్నించారు, మొఘలులు అడ్డుకున్నారు. మొదట బయటి గోడ అంబర్‌కోట్ కింద సొరంగం తవ్వి మందుగుండుతో పేల్చారు, తరువాత దాని లోపలి గోడ మహాకోట్‌కూ అదే పద్ధతి. ఇవి కట్టిన గోడలు కాబట్టి కూలాయి. కొండ దగ్గరికి వచ్చేసరికి మందుగుండు పనిచేయదు, అప్పటికే లోపల కరువు. జూన్‌లో ఫతే ఖాన్ లొంగిపోయాడు. మీరు వెళ్లినప్పుడు బయటి గోడలను, కొండ చుట్టు చెక్కుడును వరుసగా చూడండి. ఏది కూలేదో, ఏది కూలనిదో పాఠం చదివినట్టు కనిపిస్తుంది.

మీరు వరంగల్ వారు గనక ఇంకొకటి. కాకతీయులకు ఈ కోటతో బంధం తక్కువది కాదు. గణపతిదేవుడు రాజు కాకముందు యాదవుల చెరలో ఉండి 1199 ప్రాంతంలో విడుదలయ్యాడు. దండెత్తి వచ్చిన యాదవ మహాదేవుణ్ని రుద్రమదేవి తరిమికొట్టింది. బీదర్ కోటలో దొరికిన శాసనం కాకతీయులు అటువైపు ఎంత దూరం వెళ్లారో చెబుతుంది. దేవగిరి లొంగిపోయాక దక్షిణానికి దారి తెరుచుకుంది. అల్లావుద్దీన్ సేనాని మాలిక్ కాఫుర్ 1310లో ఓరుగల్లును ముట్టడించింది దేవగిరి రాజ్యం మీదుగా వచ్చాకే.

ప్రశ్న: గోల్కొండ చాలాసార్లు చూశాం. దౌలతాబాద్‌లో కొత్తగా ఏం చూడాలి? (సికింద్రాబాద్ పాఠకురాలు)

జవాబు: గోల్కొండ బలం చుట్టుకొలతలో ఉంది, దౌలతాబాద్ బలం నిలువులో. మొదట దర్వాజాలను పోల్చండి. గోల్కొండలో బాలా హిస్సార్ దర్వాజా ముందు అడ్డుగోడ చూసి ఉంటారు. ఏనుగు పరుగెత్తి వచ్చి తలతో తలుపు గుద్దడానికి చోటు లేకుండా చేయడమే దాని పని. ఇక్కడ మహాకోట్ ద్వారం దగ్గర అదే పనిని వరుస దర్వాజాలతో, వాటి మధ్య మూసిన ముంగిళ్లతో చేశారు. ఒక తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చిన దండు, తరువాతి తలుపు ఎదురుగా కాక పక్కకు ఉండటంతో ఆ ముంగిలిలో చిక్కుకుంటుంది. చుట్టూ పైనుంచి బాణాలు. తలుపుల ఇనప ములుకులను చూడండి, ఏనుగు నొసలు తగిలే ఎత్తులో ఉంటాయి. తలుపు పక్క గోడల్లో ఎదురెదురుగా చదరపు కంతలుంటాయి, అవి అడ్డమాను దూర్చేవి. పెద్ద తలుపులోనే మనిషి వంగి దూరే దిడ్డి ఉంటుంది. వంగినవాడి మెడ ముందు వస్తుంది, కత్తి తరువాత వస్తుంది.

ప్రశ్న: మేంఢా తోపు దగ్గర ఏం గమనించాలి? ఇలాంటి ఫిరంగి ఎంత వేగంగా పేల్చేవారు? (అనంతపురం పాఠకుడు)

జవాబు: మేంఢా అంటే పొట్టేలు. ఫిరంగి వెనక భాగం పొట్టేలు తల ఆకారంలో పోశారు. మీద ఔరంగజేబు పేరు, ‘కిలా షికన్’ అన్న ఫిరంగి పేరు పర్షియన్‌లో ఉన్నాయి. కోటల్ని బద్దలు కొట్టేది అని దానర్థం. కంచులో పోసిన పనితనం, మనిషికి మూడింతలకు పైగా పొడవు. పక్కలకు పొడుచుకు వచ్చిన ఇరుసు చెవుల మీద మూతి పైకీ కిందికీ వంగుతుంది. కింది ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. అందుకే బురుజు మీది వేదిక గుండ్రం.

ఇలాంటి భారీ ఫిరంగికి మందుగుండును గరిటెతో కొలిచి లోపలి చివరిదాకా చేర్చాలి, దాని మీద గుడ్డ లేదా గడ్డి దట్టించాలి, తరువాత గుండు దొర్లించాలి. వెనక చిన్న వత్తి కంతలో సన్నమందు పోసి అంటించాలి. పేలాక తడిపిన కుంచెతో గొట్టమంతా తుడవాలి. ఈ పని తొందరలో వదిలేస్తే లోపల మిగిలిన నిప్పుకణం తరువాతి మందును అంటించి, మూతి ముందు నిలబడి దట్టించేవాడిని చంపేస్తుంది. ఆ పైన లోహం చల్లబడాలి. వేడిమీద కంచు మెత్తబడుతుంది. వరుసగా పేలిస్తే గొట్టం లోపల ఉబ్బి, గుండుకూ గొట్టానికీ మధ్య సందు పెరిగి గురి పోతుంది. కాబట్టి వేగం ఆశించవద్దు, గంటకు కొన్ని పేల్పులే. దీని ప్రయోజనం దూరాన ముట్టడి దిబ్బలు కడుతున్నవాళ్లను చెదరగొట్టడం. గోడ కిందికి వచ్చేసినవాడి మీద ఇది పేలదు, మూతి అంత కిందికి వంగదు, వంగితే గుండు జారిపోతుంది. ఆ పని గోడల్లో కిందికి వాలుగా చేసిన తుపాకీ కంతలది. కొండ నెత్తిన దుర్గా తోపు కూడా ఉంది. అంత బరువును ఆ ఎత్తుకు ఎలా చేర్చి ఉంటారన్నది ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆలోచించదగ్గ విషయం.

ఫిరంగి మీద పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీయకండి. బూట్ల రాపిడికి అక్షరాలు అరుగుతాయి, అరిగిన అక్షరం మళ్లీ రాదు.

ప్రశ్న: ముట్టడిలో నీళ్ల సంగతేమిటి? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: కోటలో నీళ్లకు ఏర్పాట్లు బాగానే ఉండేవి. కింది కోటలో హాథీ హౌద్, సరస్వతీ బావి అనే మెట్ల బావి, చుట్టు కొండల నుంచి మట్టి గొట్టాల్లో నీరు తెచ్చే ఏర్పాటు, కొండ మీద రాతిలో తొలిచిన తొట్లు. వానకాలం ఒక్కటి చాలు అవి నిండటానికి. ధాన్యం అలా ఆకాశం నుంచి పడదు.

మీ నీళ్ల సంగతి వేరు. కందకం దాటాక అమ్మేవాళ్లు ఉంటారన్న భరోసాతో వెళ్లకండి. మనిషికి లీటరున్నర, మార్చి తరువాత రెండు లీటర్లు. తిండి పొట్లాలను చేతిలో కాక సంచిలో పెట్టండి, కోతులు చేతిలోది లాక్కుంటాయి.

ప్రశ్న: ఏ నెల మంచిది? వానల్లో వెళ్లొచ్చా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: నవంబర్ నుంచి ఫిబ్రవరి. జులై నుంచి సెప్టెంబర్ వరకు కొండ పచ్చగా, కందకం నీటితో అందంగా ఉంటుంది, కానీ మెట్ల మీద పాచి పట్టి జారతాయి, అంధేరీలో మరీనూ. ఏప్రిల్, మే నెలల్లో పైకి ఎక్కవద్దు. ఆ ఎండలో ఎండుగడ్డి అగ్గిపుల్లకు చాలు, కాబట్టి బీడీ సిగరెట్లు ఆ కాలంలో సంచిలోంచి తీయనే వద్దు. కమానుల కింద, రాతి చెక్కుడు అంచుల్లో తేనెపట్టు కనిపిస్తే దాని కింద ఆగకండి, అరవకండి.

ప్రశ్న: డ్రోన్, ట్రైపాడ్ తీసుకెళ్లొచ్చా? (బెంగళూరు తెలుగు పాఠకుడు)

జవాబు: ఫోను, మామూలు కెమెరాలతో ఫొటోలకు అడ్డు లేదు. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయవద్దు. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు తెలుసుకోవలసింది: రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంధేరీ గోడల మీద ఆ గీతలు చూసి మేం చాలా బాధపడ్డాం.

ప్రశ్న: రామదాసు కథలోని తానీషాను ఇక్కడే బంధించారంటారు. ఆ గది చూపిస్తారా? ఆయన సమాధి ఎక్కడ? (భద్రాచలం పాఠకురాలు)

జవాబు: అవును. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానీషా అనే ఆయన. ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687 సెప్టెంబర్‌లో గోల్కొండ పడింది. అక్కడ కూడా గోడ కూలలేదు, లోపలివాడొకడు తలుపు తీశాడు. పట్టుబడిన తానీషాను దౌలతాబాద్ పంపారు. సుమారు పన్నెండేళ్లు బందీగా ఉండి ఇక్కడే చనిపోయాడు. రామదాసును గోల్కొండలో పన్నెండేళ్లు చెరలో ఉంచాడని మనం చెప్పుకునే రాజుకు చివరికి దక్కిన చోటు చీనీ మహల్. కాలాకోట్ దాటాక, మేంఢా తోపుకు దగ్గరలో ఉంటుంది. ఒకప్పుడు గోడలనిండా నీలం, తెలుపు పింగాణీ బిళ్లలుండేవి, ఆ పేరు అందుకే. ఇప్పుడు అక్కడక్కడా కొన్ని బిళ్లలు మిగిలాయి. దగ్గరికి వెళ్లి చూడండి, ముట్టుకోవద్దు.

సమాధి కోటలో లేదు, ఖుల్దాబాద్‌లో ఉంది. కోట నుంచి ఎల్లోరా వెళ్లే దారిలో, ఘాట్ ఎక్కాక వచ్చే ఊరు. అక్కడే ఔరంగజేబు సమాధి, హైదరాబాద్ నిజాంల వంశానికి మొదటివాడైన అసఫ్ జా సమాధి, మాలిక్ అంబర్ సమాధి ఉన్నాయి. గోల్కొండను గెలిచినవాడు, పోగొట్టుకున్నవాడు, తరువాత ఏలినవాడు ఒకే ఊళ్లో ఉన్నారు. దర్గాల్లోకి తల కప్పుకుని, చెప్పులు వదిలి వెళ్లాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి, ఔరంగజేబు సమాధి దగ్గర భద్రత ఎక్కువ. తానీషా సమాధి అంటే అందరికీ తెలియకపోవచ్చు. రాజూ కత్తాల్ దర్గా ఎక్కడని అడగండి, సమాధి ఆ ఆవరణలోనే ఉంది. ఖుల్దాబాద్‌కు గంటన్నర వేసుకుంటే, పొద్దున ఏడున్నరకు కోటలో ఉన్నవాళ్లు రెండింటికల్లా ఎల్లోరా చేరి కైలాస గుడికి రెండు గంటలు ఇవ్వగలరు.